లేహ్ చేరని ప్రయాణము



2022వ సంవత్సరం దసరా సెలవుల్లో మేము నలుగురమూ హిమాలయముల మీదుగా మనాలి నుండి లేహ్ వరకు రోడ్డు ప్రయాణము తలపెట్టిన సంగతి మా సంఘమువారికి తెలుసు. వెళ్లేముందు ఆదివారం మా కొరకు ప్రత్యేకంగా ప్రార్థన కూడా చేశారు. తిరిగివచ్చాక "లేహ్ ఎలా ఉంది పాస్టరుగారూ?" అని అడిగినవారికి "చాలా బాగుందండీ" అని చెప్పి మాట మార్చాము. మేము లేహ్ చూడలేదు. సగం దారిలోనుండి వెనుకకు వచ్చేశాము. నోటితో చెప్పిన ఆ అబద్ధాన్ని వ్రాతతోనైనా సరిచేసుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఆ వైపు వెళ్లదలచిన కుటుంబాలకు పనికివచ్చే సంగతులు కూడా కొన్ని ఇందులో ఉన్నాయి.

లేహ్ వెళ్లాలన్న కోరిక పాతది. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో సంఘచరిత్ర చెప్పే అయ్యగారు ఒకనాడు గోడమీది భారతదేశ పటంలో తలభాగాన కర్ర ఆనించి, "ఇక్కడ కూడా ఒక సంఘమున్నది" అన్నారు. అది మొరేవియన్ మిషనెరీల పాఠము. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊరి సంఘమునుండి 1853లో హైడే, పాగెల్ అనే ఇద్దరు సహోదరులు బయలుదేరారు. వారు చేరదలచినది మంగోలియా. టిబెట్ మీదుగా పోదామని వస్తే టిబెట్‌లో అడుగుపెట్టనివ్వలేదు. చివరకు 1856లో లాహౌల్ లోయలో కేలాంగ్ అనే కొండ ఊరిలో ఇల్లు కట్టుకొని ఉండిపోయారు. తరువాత 1885లో వారి సంఘము లేహ్‌లో కూడా ఏర్పడింది. 1891లో అక్కడ జ్వరాలు ప్రబలినప్పుడు రెడ్‌స్లాబ్ అనే దొరగారూ, కార్ల్ మార్క్స్ అనే డాక్టరుగారూ ఒకే ఏడాది ప్రభువునందు నిద్రించారు. (ఆ పేరు విని క్లాసులో అందరమూ నవ్వాము. ఈయన వేరు.) ఆ సంఘము నేటికీ లేహ్‌లో ఉన్నది. ఎప్పటికైనా ఒక ఆదివారం వారి మధ్య కూర్చుని ఆరాధించాలని ఆనాడే మనసులో అనుకొన్నాము.

మా వివాహమై ఇరవై ఏండ్లు నిండిన సంవత్సరము గనుక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని ఆ కోరిక మరల లేచింది. మా శ్రీమతికి అసలు కన్యాకుమారి చూడాలని ఉండేది. పిల్లలిద్దరూ మంచు అనేసరికి మా వైపు చేరారు.

ప్రయాణమంటే మాకు టిక్కెట్టు కొనడం కన్నా ముందు నోటుపుస్తకం కొనడం అలవాటు. రెండు వందల పేజీల పుస్తకం ఒకటి తెచ్చి ఎడమవైపు పేజీలో ఊరు, దూరము, సముద్రమట్టానికి ఎత్తు, కుడివైపు బస, భోజనము, ఖర్చు వ్రాసుకొన్నాము. మనాలి 2,050 మీటర్లు. కేలాంగ్ 3,080. బారాలాచా కనుమ 4,890. సర్చు మైదానము 4,290. ఆ తరువాత లాచుంగ్‌లా 5,060, తంగ్‌లాంగ్‌లా 5,328, అక్కడినుండి దిగితే లేహ్ 3,500. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ అని అర్థము. మనాలినుండి లేహ్‌కు ఉన్న దూరము అటల్ సొరంగము వచ్చాక 46 కిలోమీటర్లు తగ్గి సుమారు 430 కిలోమీటర్లయింది. విజయవాడనుండి విశాఖకు పోయే దూరానికి కొంచెం ఎక్కువ. కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది.

మా సంఘములో ఒక డాక్టరమ్మగారు ఉన్నారు. ఆమె ఆ పుస్తకం చూసి కలము తీసుకొని పక్కన వ్రాశారు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకొనే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదు. కేలాంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. తలనొప్పి, వాంతులు, ఆకలి లేకపోవడం కనిపిస్తే ఇంక పైకి ఎక్కకూడదు. నడక తడబడినా, మాట తేడాగా వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసము వచ్చినా వెంటనే క్రిందికి దిగాలి, అంతకు మించిన మందు లేదు. కొందరు ముందుగా వేసుకొనే మాత్ర ఒకటి ఉన్నదిగాని మా శ్రీమతికి సల్ఫా మందులు పడవు గనుక అది ఆమెకు వద్దన్నారు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, మొదటిసారి పోయేవాళ్లకు ఆ దారి మేలు అని కూడా చెప్పారు.

కాని కేలాంగ్ ఉన్నది మనాలి దారిలో. హైడేగారి ఊరు చూడకుండా లేహ్ వెళ్లడము మాకు ఇష్టము లేదు. పోనీ కేలాంగ్‌లో రెండు రాత్రులు ఉందామంటే లెక్క కుదరలేదు. సెప్టెంబరు 25 ఆదివారం మా సంఘములో ఆరాధన జరిపి, సోమవారం ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మంగళవారం ఢిల్లీ, బుధవారం మనాలి, గురువారం కేలాంగ్, శుక్రవారం సర్చు, శనివారం రాత్రికి లేహ్. అక్టోబరు 2 ఆదివారం ఉదయం ఆరాధనకు వేళకు అందుకొంటాము. కేలాంగ్‌లో ఒక్క రాత్రి ఎక్కువ ఉన్నా ఆదివారము దారిలో పోతుంది. డాక్టరమ్మగారు వ్రాసిన "రెండు రాత్రులు" అనే మాట మీద గీత గీసి "ఒకటి" అని వ్రాశాము. ఇంతవరకు మేము, మేము అని వ్రాస్తున్నాముగాని, ఆ గీత గీసిన చెయ్యి ఒక్కటే. మిగిలిన ముగ్గురికీ ఆ సంగతి చెప్పలేదు.

సామాను సంగతి మా శ్రీమతి చూసింది. ఉన్ని బట్టలు ఇద్దరు ముగ్గురు సంఘస్థుల దగ్గర అడిగి తెచ్చాము. జంతికలు, కారప్పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి సరేసరి. ఆవకాయ సీసా మూత మాత్రం వదులుగా పెట్టుకోండి. కొండలు ఎక్కేకొద్దీ గాలి పలచబడి మూసిన పొట్లాలన్నీ బూరెల్లా ఉబ్బుతాయి. బారాలాచా దగ్గర మా అబ్బాయి బిస్కెట్ల ప్యాకెట్టు ఢామ్మని పగిలింది. ఆవకాయ డబ్బాలోని నూనె అప్పటికే ఒక స్వెట్టరు తడిపింది.

మనాలిలో ఒక బండి మాట్లాడుకొన్నాము. నడిపే అబ్బాయి లాహౌల్‌వాడే, బౌద్ధుడు, పాతికేళ్లుంటాయి. మాట తక్కువ. మా హిందీ విని నవ్వు ఆపుకొనేవాడు. గురువారం ఉదయం బయలుదేరి సొరంగములో ప్రవేశించాము. తొమ్మిది కిలోమీటర్ల పైన పొడవు. 2020 అక్టోబరులో తెరిచారు. అంతకు ముందు రోహ్‌తాంగ్ కనుమ మీద మంచు పడితే లాహౌల్ లోయ ప్రజలు నెలల తరబడి ప్రపంచానికి దూరమయ్యేవారట. ప్రసవమైనా, జబ్బైనా దేవుడే దిక్కు. లోపలికి పోయేముందు చుట్టూ దేవదారు చెట్లు, పచ్చిక, చినుకులు. పది నిమిషాల్లో బయటికి వచ్చేసరికి ఆకాశము నీలముగా మెరుస్తోంది, కొండలు బోడిగా ఉన్నాయి. వానమబ్బులు ఆ కొండగోడను దాటలేక ఇవతలే కురిసి ఆగిపోతాయి. ఒకే పర్వతానికి ఇటు ఒక దేశము, అటు ఒక దేశము అన్నట్టు ఉంది. మా అమ్మాయి "డాడీ, ఇంకోసారి వెనక్కి వెళ్లి చూద్దామా" అన్నది.

అక్కడినుండి చంద్రా నది వెంబడి దారి. సిస్సు దగ్గర కొండమీదినుండి పడే జలపాతము రోడ్డుమీదికే కనిపిస్తుంది. సెప్టెంబరు చివర గనుక పాప్లర్ చెట్లు పసుపు రంగు తిరుగుతున్నాయి. ఇళ్ల మిద్దెల మీద పశువుల కొరకు గడ్డి ఎండబెట్టారు. పొలాల్లో బంగాళాదుంపలు త్రవ్వుతున్నారు. ఆ లోయకు బంగాళాదుంపను తెచ్చినది మొరేవియన్ మిషనెరీలే అంటారు. తాండి అనే చోట చంద్రా, భాగా నదులు కలుస్తాయి. అదే దిగువకు పోయి చీనాబ్ అవుతుంది. ఒకటి బూడిద రంగు, ఒకటి కాస్త ఆకుపచ్చ. కలిసిన తరువాత కూడా కొంతదూరం దేని రంగు దానిదే.

ఆ రాత్రి కేలాంగ్‌లో బస. మా శ్రీమతి అన్నము సరిగా తినలేదు. "తల కొంచెం బరువుగా ఉందండీ, రైలు అలసట" అన్నది. రైలు అలసటే అనుకొన్నాము. అనుకోవడము మాకు అనుకూలముగా ఉన్నది.

శుక్రవారం దారి గురించి ఎంత వ్రాసినా తక్కువే. జిస్పా దాటి దార్చా వచ్చేసరికి చెట్లు అయిపోయాయి. ఇక రాయి, ఇసుక, మంచు, ఆకాశము. అయినా ఆ రాళ్లలో ఎన్ని రంగులు! ఇటుక రంగు, ఊదా, గంధకపు పసుపు, ఒకచోట పాచిపట్టిన రాగిచెంబు రంగు. కొండ ప్రక్కలనుండి జారిన రాళ్లు ధాన్యపు రాశుల్లా పడి ఉన్నాయి. దీపక్ తాల్ అనే చిన్న చెరువులో కొండ మొత్తము తలక్రిందులుగా కనిపించింది. ఇంకా పైన సూరజ్ తాల్, భాగా నదికి పుట్టినచోటు. అంచుల్లో అప్పుడే గాజుపెంకులా మంచు కట్టింది. మా అబ్బాయి ఒక ముక్క విరిచి జేబులో వేసుకొని పది నిమిషాలకు ప్యాంటు తడుపుకొన్నాడు.

బారాలాచాకు ముందు ఒకచోట రోడ్డు వేస్తుంటే అరగంట ఆగాము. సరిహద్దు రోడ్ల సంస్థవారి పని. 1960లో ఏర్పడిన ఆ సంస్థే ఈ కొండదారులను కాపాడుతున్నది. తారు డబ్బాల క్రింద మంట పెట్టి, ముఖానికి గుడ్డ చుట్టుకొని పనిచేస్తున్నవారు ఝార్ఖండ్‌నుండి వచ్చిన కూలీలు. మంచు పడేలోగా పని ముగించి ఇళ్లకు పోతారట. మేము జంతికలు ఇస్తే ఒక పెద్దాయన చేతులు నిక్కరుకు తుడుచుకొని తీసుకొన్నాడు. మెడలో చిన్న సిలువ కనబడింది. "మీరూనా?" అన్నట్టు చూశాము. ఆయన నవ్వి, ఆదివారమైతే గుడారములోనే పాటలు పాడుకొంటామని చెప్పాడు. ఆయన ఆదివారము గురించి ఆరాటపడటము లేదు. ఆరాటమంతా మాదే. అరగంట ఆలస్యమైందని గడియారము చూసుకొంటున్నాము.

కనుమ మీద అందరము దిగి ఫోటోలు తీసుకొన్నాము. మా శ్రీమతి దిగలేదు. అద్దములోనుండి చెయ్యి ఊపింది. ఆ ఫోటో ఇప్పటికీ ఉన్నది. చూస్తే తెలుస్తుంది, ఆ ముఖము బాగాలేదు.

సర్చు ఒక వింత మైదానము. నది లోతుగా కోసుకొంటూ పోయి ఒడ్డున మట్టి స్తంభాలు నిలబెట్టింది, ఎవరో ఆలయము కట్టి మధ్యలో వదిలేసినట్టు. కాలము అయిపోవచ్చింది గనుక గుడారాలు చాలావరకు పీకేశారు. మిగిలిన ఒకదానిలో దిగాము. సాయంత్రం అయిదింటికి ఎండ పోగానే చలి కత్తిలా దిగింది. మా శ్రీమతి రెండుసార్లు వాంతి చేసుకొన్నది. పడుకొంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చున్నది. ప్రార్థన చేశాము. చేసి, ఉదయానికి తగ్గిపోతుంది, తగ్గితే తొమ్మిది పది గంటల్లో లేహ్ అని మనసులో లెక్క వేసుకొన్నాము.

రాత్రి పదకొండు దాటాక ఆమె "ఏమండీ, గుడి గంట కొట్టారా? స్త్రీల సమాజమువాళ్లు వచ్చేశారు" అన్నది. మా అమ్మాయి మా వైపు చూసింది. ఆ చూపు ఈ జన్మకు మరచిపోము. అది మారుమాట లేకుండా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పోయి డ్రైవరును లేపుకొని వచ్చింది.

ఆ అబ్బాయి లాంతరు వెలుగులో మా శ్రీమతిని నిలబెట్టి, "ఆంటీజీ, ఈ దుప్పటి అంచు మీద నడవండి, ఒక పాదము మడమ ఇంకో పాదము వేళ్లకు తగలాలి" అన్నాడు. రెండు అడుగులు వేసి ఆమె పక్కకు తూలింది. అతడు పట్టుకొన్నాడు. ఇంకేమీ అడగకుండా బండి తీశాడు. దగ్గరలో సైనికుల మకాము ఉన్నది. వారు ఆక్సిజన్ పెట్టారు, ఒక సూదిమందు ఇచ్చారు. వారిలో ఒకాయన మమ్మును ప్రక్కకు పిలిచి, తెల్లవారుజామునే దింపేయమన్నారు.

ఇక్కడ సర్చులో ఉన్న చిక్కు చెప్పాలి. దిగాలన్నా ముందు ఎక్కాలి. రెండు వైపులా కనుమలే. నాలుగు వేల మూడు వందల మీటర్ల ఎత్తున పడుకొనే ఆ గిన్నెలోనుండి ఎటు బయటపడాలన్నా ఇంకా పైకి పోయి దిగవలసిందే. అందుకే తెలిసినవాళ్లు అక్కడ రాత్రి ఉండరు. ఈ మాట అన్ని చోట్లా వ్రాసే ఉంది. మా నోటుపుస్తకంలో కూడా ఉంది.

అప్పుడు కూడా మేము డ్రైవరును అడిగిన మాట వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది, అయినా వ్రాస్తాము. "ముందుకు పోతే లేహ్‌లో పెద్ద ఆసుపత్రి ఉంటుంది కదా?" అన్నాము. ఆ మాట ఆసుపత్రి కొరకు కాదని మాకూ తెలుసు. అతడు వేళ్లు మడిచి చెప్పాడు. "ముందుకు పోతే మూడు కనుమలు, సార్. నకీలా, లాచుంగ్‌లా, తంగ్‌లాంగ్‌లా. వెనక్కి పోతే ఒక్కటే." అంతే. ఇక మేము మాట్లాడలేదు.

నాలుగున్నరకు బయలుదేరాము. వెనుక సీటులో అమ్మాయి తల్లి తలను ఒడిలో పెట్టుకొని ఆక్సిజన్ గొట్టము పట్టుకొన్నది. అబ్బాయి ముందు సీటులో నిద్రపోకుండా డ్రైవరుతో మాట్లాడుతూ ఉన్నాడు, అతడికి నిద్ర రాకుండా. వాడికి ఆ తెలివి ఎక్కడిదో! బారాలాచా మీదికి వచ్చేసరికి తెల్లవారింది. మంచు శిఖరాలు ఒక్కొక్కటే నిప్పు రంగు తిరుగుతున్నాయి. అంత అందము మేము మళ్లీ చూడలేదు. ఆ క్షణములో అది మాకు అక్కరలేదు. ముందురోజు ఇరవై నిమిషాలు ఫోటోలు తీసుకొన్నచోట బండి ఆగకుండా దాటింది.

పట్సియో దాటాక ఆమె నీళ్లు అడిగింది. దార్చాలో కళ్లు తెరిచి "ఎక్కడున్నాము?" అన్నది, మామూలు గొంతుతో. జిస్పాలో చెట్లు కనబడ్డాయి. అక్కడ ఒక ధాబాలో వేడి అన్నము, రాజ్మా పెట్టించాము. రెండు ముద్దలు తిని, "ఆవకాయ ఉందా?" అని అడిగింది. పిల్లలిద్దరూ ఏడ్చారు. మేము ధాబా వెనుక నది దగ్గరకు పోయి కొంతసేపు నిలబడ్డాము.

కేలాంగ్ ఆసుపత్రిలో చూపించాము. రెండు మూడు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకోమన్నారు. డాక్టరమ్మగారు వ్రాసిన రెండు రాత్రులకు బదులు మూడు రాత్రులు ఉన్నాము.

ఆదివారం ఉదయం బసలోని గదిలోనే నలుగురము ఆరాధించాము. లేహ్‌లో అడిగితే చెప్పాలని ఒక ప్రసంగము తయారుచేసుకొని ఉన్నాము, ఏలీయా హోరేబుకు చేసిన ప్రయాణము మీద. కాగితాలు తీసి చూస్తే చెప్పబుద్ధి కాలేదు. దేవదూత ఏలీయాను లేపి నడవమనడానికి ముందు రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. ఆ భాగాన్ని మా ప్రసంగములో ఒక్క వాక్యముతో దాటేశాము. దానికి బదులు, నోటుపుస్తకము తెచ్చి, గీత గీసిన పేజీ ముగ్గురికీ చూపించాము. మా శ్రీమతి చాలాసేపు చూసి, "కేలాంగ్‌లోనే నాకు తలనొప్పి మొదలైంది. మీరు బాధపడతారని చెప్పలేదు" అన్నది. ఇరవై ఏండ్ల కాపురములో మేము ఒకరినొకరము ఇలా ఎన్నిసార్లు కాపాడుకొన్నామో అనిపించింది. తరువాత 121వ కీర్తన చదువుకొని, ఆమె ప్రార్థన చేస్తే ఆమేన్ అన్నాము.

ఇక ఆ మూడు రోజులు మేము చేసినదేమీ లేదు. అదే ఈ ప్రయాణములో ఆనందము. ఎదురుగా కొండమీద ఒక మచ్చ స్త్రీ ఆకారములో ఉంటుంది, కేలాంగ్ దొరసాని అని పేరు. పొద్దున్న కాఫీతో దానిని చూడటము, భాగా నది అవతల గట్టున కార్దాంగ్ బౌద్ధమఠము మీద ఎండ ఎలా దిగుతుందో గమనించడము, అంతే. సామాను సర్దనవసరము లేని ఉదయాలు మా ఇంట్లో పిల్లలకు తెలియవు.

ఆ మేడమీద కూర్చుని హైడేగారి గురించి పిల్లలకు చెప్పాము. మంగోలియాకు బయలుదేరిన మనిషి ఈ లోయలో దాదాపు నలభై ఏండ్లు ఉన్నారు. 1859లో ఆయనను వివాహమాడటానికి మరియ అనే యువతి జర్మనీనుండి ఈ కొండల్లోకి వచ్చింది. ఇక్కడే సంసారము, ఇక్కడే పిల్లలు, వారిలో కొందరిని పసితనములోనే పోగొట్టుకోవడము. బాప్తిస్మము పొందినవారు కొద్దిమంది. సహచరుడు యేష్కే ఇక్కడ మొదలుపెట్టిన టిబెట్ భాషా బైబిలు పూర్తయి అచ్చులో వచ్చినది 1948లో. లేహ్ సంఘస్థుడు యోసేబ్ గెర్గన్ దాని కొరకు ఏండ్ల తరబడి కష్టపడి, ఆ పుస్తకము చేతిలోకి రాకమునుపే కన్నుమూశారు. కేలాంగ్ మిషను 1940లోనే మూసివేయబడింది. మన తెలుగువారి సంగతీ అంతే. 1805లో విశాఖపట్నములో దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ దొరలు మన భాష నేర్చుకొని తర్జుమా మొదలుపెట్టి, 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయారు. మనము చదువుకొనే గ్రంథము వెనుక వారి సమాధులున్నాయి. "అయితే వాళ్లు కూడా అనుకున్నచోటికి పోలేదు కదా డాడీ" అన్నాడు అబ్బాయి. అవునన్నాము.

సోమవారం డ్రైవరు అబ్బాయి మమ్మును వాళ్ల ఊరికి తీసుకొనిపోయాడు. మట్టి మిద్దె, లోపల పొయ్యి, ఉప్పు వేసిన వెన్న టీ. (మా అందరిలో అమ్మాయి ఒక్కతే రెండో గిన్నె తాగింది.) వాళ్ల అవ్వ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నిమేజోళ్లు అల్లుతోంది. రంగురంగుల లాహౌలీ మేజోళ్లు ఆ ప్రాంతమంతా పేరుపడ్డాయి. ఆ లోయ ఆడవాళ్లకు సూదులతో అల్లడం నేర్పే బడి పెట్టినది మరియ హైడేగారే. అవ్వకు ఆ పేరు తెలియదు. వాళ్ల అమ్మ నేర్పింది, వాళ్ల అమ్మకు వాళ్ల అమ్మ.

మా శ్రీమతి పుట్టినిల్లు నరసాపురం ప్రాంతము. అక్కడ లేసు అల్లని ఇల్లు లేదు. అదీ 19వ శతాబ్దములో మిషనెరీలు గోదావరి ఆడవాళ్లకు నేర్పిన పనే. మా అత్తగారు లేసు అల్లి పిల్లలను చదివించారు. మా శ్రీమతి చేతిసంచిలో లేసుసూది, దారపు ఉండ ఎప్పుడూ ఉంటాయి. అవ్వ ప్రక్కన నేలమీద కూర్చుని తీసి నాలుగు గొలుసులు వేసి ఒక పువ్వు అల్లింది. అవ్వ దానిని వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసి, తన సూదులు ఆమెకిచ్చి, ఆ ఒంటి సూది తాను తీసుకొన్నది. ఇద్దరికీ ఒక్క భాష లేదు. గంటన్నర కూర్చున్నారు. అవ్వ తప్పు వేస్తే మా శ్రీమతి తెలుగులో "అయ్యో, కాదమ్మా" అంటుంది, ఆమె తప్పు వేస్తే అవ్వ వాళ్ల భాషలో ఏదో అని చేతిమీద చిన్నగా కొడుతుంది. అంతకు మూడు రాత్రుల క్రితం ఆ చేతులు వణుకుతుంటే మేము చూశాము.

బయలుదేరేటప్పుడు అవ్వ ఒక జత మేజోళ్లు ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. లేసు పువ్వు మాత్రం దాచుకొన్నది. సొరంగము దాటి ఇవతలికి రాగానే వాన.

ఆ ఏడాది క్రిస్మసు రాత్రి ఆరాధనకు మా శ్రీమతి ఆ మేజోళ్లు వేసుకొని వచ్చింది. మన ఊరి చలికి అవి చాలా ఎక్కువ. ఎవరో "లేహ్‌లో కొన్నారా అమ్మగారూ?" అని అడిగారు. ఆమె మా వైపు చూసి ఊరుకొన్నది.

మొన్న నోటుపుస్తకము తీసి చూస్తే చివరి పేజీలో ఆమె చేతివ్రాత కనబడింది. ఎప్పుడు వ్రాసిందో తెలియదు. శ్రీనగర్ రెండు రాత్రులు, కార్గిల్ రెండు రాత్రులు, లేహ్ అయిదు రాత్రులు, వచ్చేటప్పుడు కేలాంగ్, అవ్వ దగ్గరకు. దాని క్రింద, "తెల్ల దారము ఆరు ఉండలు" అని ఉన్నది.